ఐదో కంచం సామ్రాజ్యం

సామ్రాజ్యం రోజూ ఉదయం ఆరున్నరకు వేలు గుచ్చుకుని, మిషను మీద కనబడిన అంకెను గోడ మీదుగా పక్కింటికి అరిచి చెబుతుంది. అవతల నసీమున్నీసా ఆ అంకెను బట్టి ఆమె టిఫిను నిర్ణయిస్తుంది. నూట నలభై లోపుంటే ఇడ్లీ. నూట ఎనభై దాటితే రాగి జావ. మధ్యలో ఉంటే, "నీ ఇష్టం అక్కా, ఇందులోకి నన్ను లాగొద్దు," అంటుంది. నసీమున్నీసా డాక్టరూ కాదు, నర్సూ కాదు. స్పిన్నింగు మిల్లులో ఇరవై ఆరేళ్లు పనిచేసి మానేసిన మనిషి. ఆమెకూ షుగరే. తన అంకె మాత్రం ఎవరికీ చెప్పదు.

ఇలా అరిచి చెప్పడం ఏడాది కిందట మొదలైంది. అంతకుముందు ఆరేళ్లూ సామ్రాజ్యం గోడ పక్కన స్టూలు వేసుకుని, దాని మీదకెక్కి, చెవిలో చెప్పినట్టు చెప్పేది. సందులో ఎవరైనా వింటే ఆ మాట రామాంజనేయులు మాస్టారి దాకా వెళుతుందని ఆమె భయం. మాస్టారికి తెలిస్తే వేషం పోతుంది. షుగరు ముదిరితే కళ్లు పోతాయని, కాళ్లు పోతాయని డాక్టరు చెప్పినప్పుడు ఆమె తలాడించి ఊరుకుంది. వేషం పోతుందేమోనని మాత్రం ఆ వారమంతా భర్తను సతాయించింది.

వేషం సంగతి అర్థం కావాలంటే నవల సంగతి తెలియాలి. 'ఐదో కంచం' నలభై ఏళ్ల కిందట ఒక వారపత్రికలో ముప్పై రెండు వారాలు సీరియల్‌గా వచ్చింది. రాసినాయన దర్శి వైపు మనిషి, వ్యవసాయ శాఖలో చిన్న ఉద్యోగి. కౌలుకు తీసుకున్న పొలంలో మిరప వేసిన ఒక కుటుంబానికి వరసగా మూడేళ్లు పంట పోతుంది. కథ అంతే. ఇంట్లో మనుషులు ఐదుగురు, కంచాలు ఐదు. భర్తకు, అత్తగారికి, ఇద్దరు పిల్లలకు వడ్డించాక తల్లి ఖాళీ గిన్నెను గరిటెతో గీకి, "నేను తిన్నాను," అంటుంది. ఐదో కంచం గూట్లోంచి దిగదు. నవల మొత్తం వెతికినా ఆ తల్లి ఒక్క ముద్ద తిన్నట్టు ఎక్కడా ఉండదు. సీరియల్ నడుస్తుండగానే కావలి నుంచి ఒక పాఠకురాలు ఆ తల్లి పేరు మీద, పత్రిక ఆఫీసు అడ్రసుకు, పార్సిల్ సర్వీసులో పాతిక కిలోల బియ్యం బస్తా పంపింది. ఆఫీసువాళ్లు ఆ బియ్యాన్ని ఏం చేశారో తెలియదు. పుస్తకం ఇప్పటికి పద్నాలుగుసార్లు అచ్చయింది.

తర్వాత దాన్ని టీవీలో పదమూడు వారాల సీరియల్‌గా తీశారు. దానికి డబ్బు పెట్టింది ఒక పురుగుమందుల కంపెనీ. కాబట్టి పంటకు పురుగు పట్టడానికి వీల్లేకపోయింది. పేదరికానికి ఇంకో కారణం కావలసి, తండ్రికి తాగుడు అలవాటు చేశారు. ఆఖరి వారం ఆయన తాగుడు మానేశాడు, మిరప విరగకాసింది, ఐదుగురూ కూర్చుని తిన్నారు. ఆ వారం చిలకలూరిపేటలో ఎవరూ ఏడవలేదని రామాంజనేయులు మాస్టారు ఇప్పటికీ చెబుతారు.

ఆయన అప్పట్లో హైస్కూల్లో తెలుగు మాస్టారు. టీవీ కన్నా చాలా ముందే ఆ నవలను గంటసేపు ఆడే నాటికగా రాసుకున్నారు. తండ్రి వేషం ఆయనదే, దర్శకత్వం ఆయనదే. నవల్లో తల్లి చనిపోదు. పరిషత్తు పోటీల కోసం మాస్టారు చంపేశారు. దానివల్ల మంచి ఫలితాలు వచ్చాయి.

సామ్రాజ్యం ఈ నాటకంలోకి గిన్నె వెంట వచ్చింది. ఆమెది పర్చూరు దగ్గర పల్లెటూరు. పన్నెండేళ్ల వయసు నుంచి పొగాకు గ్రేడింగులో పనిచేసి, జిన్నింగు మిల్లు ఫిట్టరు పానకాలును పెళ్లి చేసుకుని చిలకలూరిపేట వచ్చింది. మొదటి ప్రదర్శన రోజున నాటకంవాళ్లకు మసిపట్టిన సత్తు గిన్నె కావలసి వచ్చింది. పానకాలు తన ఇంట్లోది ఇస్తానన్నాడు. ఇంట్లో అన్నం వండేది అదొక్కటే కావడంతో, నాటకం అవగానే వెనక్కి తెచ్చుకుందామని సామ్రాజ్యం కూడా వెళ్లి తెర పక్కన కూర్చుంది. తల్లి వేషం వేయాల్సిన ఆవిడ తెనాలి నుంచి రావాలి. రాలేదు.

"చదవడం వచ్చా అమ్మాయ్?" అన్నారు మాస్టారు.

"వచ్చండి."

"ఏడవడం?"

"ఎందుకండి?"

ఆ 'ఎందుకండి' నచ్చి తీసుకున్నానని మాస్టారు సన్మాన సభల్లో చెబుతారు. అప్పటికింకా మనిషి దొరకలేదు కాబట్టి తీసుకున్నారని సామ్రాజ్యం చెబుతుంది. అప్పుడామెకు ఇరవై తొమ్మిదేళ్లు. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్ల పాటు ఆ వేషం ఇంకెవరూ వేయలేదు. బజార్లో ఆమెను కంచం సామ్రాజ్యం అంటారు. ఊళ్లో ఇంకో సామ్రాజ్యం ఉంది, బ్లౌజులు కుడుతుంది.

మాస్టారి నాటకంలో అన్నం నిజం అన్నమే. మరమరాలు, దూది పెట్టి మోసం చేయడం ఆయనకు పడదు. "ముందు వరసలో కూర్చునేది వండి వడ్డించే ఆడాళ్లు. వాళ్ల ముందు దూది ఆటలు సాగవు," అంటారు. అందుకని ప్రతి ప్రదర్శనకూ సామ్రాజ్యమే స్టేజీ వెనక స్టవ్ మీద అన్నం వార్చి, పొగలు వస్తుండగా మోసుకెళుతుంది. సరిగ్గా నాలుగు కంచాలకు సరిపడా. ఒక్క మెతుకు మిగిలినా గరిటె చప్పుడు మారిపోతుంది. స్టీలు గిన్నె అయితే చప్పుడు గంట కొట్టినట్టు ఉంటుందని, సత్తు గిన్నె అడుగును గరిటె అంచుతో అడ్డంగా గీకితే గిన్నె ఖాళీ అని వెనక వరసకు కూడా తెలుస్తుందని ఆమె కనిపెట్టింది. ఆ చప్పుడుకు పొన్నూరులో ఒకసారి చప్పట్లు కొట్టారు. మనుషుల మాటలకు చప్పట్లు కొట్టడం మామూలే. గిన్నెకు కొట్టడం అదే మొదలని న్యాయనిర్ణేత ఒకాయన మైకులో అన్నాడు.

ఆమె పెట్టుకున్న నియమం ఇంకొకటి ఉంది. ప్రదర్శన ఉన్న రోజు మధ్యాహ్నం తర్వాత ఏమీ తినదు. ఆకలి మొహంలో కనబడాలని కాదు. "కడుపు నిండా ఉండి తిన్నాను అంటే నిజం చెప్పినట్టే కదా. అందులో వేషం ఏముంది?" అంటుంది. పానకాలు ఈ నాటకాన్ని ఒక్కసారే చూశాడు. ఇంటికొచ్చాక, "బాగానే అబద్ధమాడావు. ఇంట్లో నాతో ఎన్ని ఆడావో ఏమో," అన్నాడు. మళ్లీ చూడలేదు.

ఏడేళ్ల కిందట షుగరు బయటపడింది. ఏడాది మాత్రలతో లాగాక డాక్టరు ఇన్సులిన్ రాశాడు. పూటకొక సూది, సూది వేసుకున్న అరగంటలో భోజనం, ఖాళీ కడుపుతో ఉంటే షుగరు మరీ పడిపోతుంది. సామ్రాజ్యం నాటకాన్ని మనసులో నిమిషాల వారీగా లెక్కేసుకుంది. తెర లేచిన ఇరవై నిమిషాలకు కంచాల రంగం. అది అవగానే తల్లి లోపలికి వెళుతుంది, పది నిమిషాల దాకా రాదు. తెర లేచే ముందు సూది వేసుకుని, కంచాల రంగం అయ్యాక తెర పక్కన నిలబడి నాలుగు ఇడ్లీలు తింటే సరిపోతుంది. తిన్నాను అన్న తర్వాత తింటుంది కాబట్టి నియమం కూడా చెడదు. ఈ ఏర్పాటు తెలిసింది ఇద్దరికే, పానకాలుకు, నసీమున్నీసాకు. ఇడ్లీలు నసీమున్నీసావే.

"మాస్టారికి చెప్పి చావొచ్చు కదా అక్కా," అని నసీమున్నీసా చాలాసార్లు అంది.

"చెబితే తిని రమ్మంటాడు. తిని రానంటే ఇంట్లో ఉండమంటాడు."

"ఉండు. నేనుండట్లా?"

"నువ్వేం వేషం వేశావే నీకు తెలియడానికి?"

ఆ ఏర్పాటు ఐదేళ్లు నిక్షేపంగా నడిచింది. నిరుడు ఫిబ్రవరిలో పర్చూరులో ఒక పరిషత్తు జరిగింది. ఆ సాయంత్రం 'ఐదో కంచం' రెండో నాటిక. నవలను సినిమా తీయడానికి హక్కులు కొనుక్కున్న చైతన్యకృష్ణ అనే కుర్ర దర్శకుడు కూడా చూడ్డానికి వచ్చి ఐదో వరసలో కూర్చున్నాడు. ఏడింటికి మైకులో "తదుపరి ప్రదర్శన, ఐదో కంచం" అన్నారు. సామ్రాజ్యం చీర చాటున పొట్టకు సూది వేసుకుంది. అప్పుడు ముఖ్య అతిథి కారు వచ్చింది.

ఆయన రావడం ఆలస్యమైంది కాబట్టి తొందరగా ముగిస్తానని మొదలుపెట్టారు. చిన్నప్పుడు తన తల్లి పడిన కష్టాలు చెప్పారు. ఆకలి గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. తర్వాత ఆయనకు శాలువా కప్పారు, ఆయన పదకొండు మందికి శాలువాలు కప్పారు. పదకొండో ఆయన రెండు మాటలు మాట్లాడతానన్నారు.

ఇడ్లీల డబ్బా సంచిలో ఉంది. సంచి మూడడుగుల దూరంలో ఉంది. సామ్రాజ్యం దానివైపు చూసిన ప్రతిసారీ నిర్వాహకుడొకాయన తెర సందులోంచి తల పెట్టి, "రెండే నిమిషాలమ్మా, లేవండి," అన్నాడు. మూడుసార్లు లేచింది. ఒక ఇడ్లీ తినేసి ఎక్కితే పోయేదని ఇప్పుడు ఆమే ఒప్పుకుంటుంది. అప్పుడు మాత్రం, తిని ఎక్కితే తిన్నాను అన్న మాట చెడుతుందని ఆగింది. మాస్టారు పక్కనే ఉన్నారు కానీ శాలువాల సంఖ్య మీద నిర్వాహకులతో గొడవ పడుతున్నారు. తెర లేచేసరికి సూది వేసుకుని యాభై నిమిషాలయింది.

కంచాల రంగం వచ్చేసరికి ఆమెకు చెమటలు పడుతున్నాయి. లైట్ల చుట్టూ ఇంకో లైటు కనబడింది. వడ్డించేటప్పుడు చెయ్యి వణికింది. ముందు వరసలో న్యాయనిర్ణేత ఒకాయన దాన్ని మెచ్చుకోలుగా రాసుకున్నాడు. భర్తకు వడ్డించింది. అత్తగారి వేషంలో ఉన్న సుబ్బరావమ్మకు వడ్డించింది. కొడుక్కి, కూతురికి వడ్డించింది. అందరి అన్నంలోనూ గొడ్డుకారం వేసింది. ఇక గిన్నె గీకాలి. దానికి బదులు కూతురి పక్కన చతికిలబడి, ఆ పిల్ల కంచం తన ముందుకు లాక్కుని తినడం మొదలుపెట్టింది.

కూతురి వేషం వేస్తున్నది లక్ష్మీదుర్గ, మీసేవా కేంద్రంలో పనిచేసే అమ్మాయి. పెదవులు కదలకుండా, "అక్కా, ఏంటిది?" అంది.

"ఉండు," అంది సామ్రాజ్యం.

కారం కూడా సరిగా కలపకుండా పెద్ద పెద్ద ముద్దలు తిన్నది. ఒంగి తిన్నది. కళ్లల్లోంచి, ముక్కులోంచి నీళ్లు కారుతుంటే చేత్తో తుడుచుకుని అదే చేత్తో తిన్నది. స్టేజీ మీద ఎవరూ కదల్లేదు. హాల్లోనూ ఎవరూ కదల్లేదు. రామాంజనేయులు మాస్టారు నలభై ఏళ్ల అనుభవమున్న నటుడు. రాసుకున్న ప్రకారం తర్వాతి మాట ఆయనదే. వేరే మాట తోచక ఆ మాటే అన్నారు.

"నువ్వు తినవే?"

ఆమె తలెత్తి చూసింది. తర్వాతి మాట తనది. బుగ్గలో ముద్ద ఉండగానే అంది.

"నేను తిన్నాను."

ఒక్కరూ నవ్వలేదు. ఆడవాళ్ల వరసల్లో ఎవరో వెక్కడం వినిపించింది. సామ్రాజ్యం కంచం ఖాళీ చేసి, చెంబెడు నీళ్లు తాగి లోపలికి వెళ్లింది. పది నిమిషాల తర్వాత వచ్చి మిగతా నాటకం మామూలుగా ఆడి, చివరి రంగంలో రాసినట్టే చనిపోయింది.

తెర పడ్డాక మాస్టారు మేకప్ కూడా తీయలేదు.

"ఇరవై ఎనిమిదేళ్లు తినని తల్లి, ఇవాళ సినిమావాడు ఐదో వరసలో కూర్చున్న రోజే తినాలా? అదీ పిల్ల కంచంలోది?"

"ప్రాణం పోతున్నట్టు అనిపించింది మాస్టారూ."

"పోతే ఆఖరి రంగంలో పోవాలి. అక్కడ రాసుంది కదా."

షుగరని చెబితే వేషం పోతుంది. చెప్పకపోతే కావాలని నాటకం చెడగొట్టిన మనిషవుతుంది. రెండోదే నయమనుకుంది సామ్రాజ్యం. న్యాయనిర్ణేతలు 'రచనకు విరుద్ధమైన చర్య' అని రాసి బహుమతులు వేరేవాళ్లకు ఇచ్చారు. వ్యాన్లో చిలకలూరిపేట దాకా ఆమెతో ఎవరూ మాట్లాడలేదు, సుబ్బరావమ్మ తప్ప. సుబ్బరావమ్మ, "కారం ఎక్కువైందా?" అని అడిగింది.

మర్నాడు ఉదయం చైతన్యకృష్ణ ఆ సందులోకి వచ్చాడు. కారు పట్టక నడిచి వచ్చాడు. చొక్కా మీద జిన్నింగు మిల్లు దూది వాలింది. చాప మీద కూర్చుని, "ఆ ఐడియా మీకెలా తట్టింది మేడమ్?" అన్నాడు.

"తట్టింది బాబూ."

"నవల చదివిన ప్రతివాడూ ఆ తల్లిని దేవతనుకుంటాడు. మీరు మనిషిని చేశారు. పిల్ల నోటి దగ్గరది లాక్కుని తిని, నేను తిన్నాను అన్నారు చూడండి. సినిమాకి అదే సీన్ మేడమ్. ఇక మిగతాదంతా దాని చుట్టూ రాసుకుంటా."

ఆమె వేషం ఆమెకే ఇస్తాడేమోనని పానకాలు మిల్లుకు వెళ్లకుండా గుమ్మంలో నిలబడ్డాడు. చైతన్యకృష్ణ హైదరాబాదులో ఉండే ఒక నటి పేరు చెప్పి, ఆవిడ డేట్లు దొరికాయన్నాడు. పానకాలు మిల్లుకు వెళ్లిపోయాడు.

చైతన్యకృష్ణ అక్కడినుంచి మాస్టారింటికి వెళ్లాడు. ఆ ఆదివారం స్కూలు వరండాలో రిహార్సల్ పెట్టేసరికి మాస్టారు మారిపోయారు. కొత్త కాయితాలు తెచ్చారు. కంచాల రంగంలో తల్లి తింటుంది. ఇకనుంచి ప్రతి ప్రదర్శనలోనూ తింటుంది. ఆమె తినేటప్పుడు ఫ్లూటు వస్తుంది.

"చూశావా సామ్రాజ్యం, ముప్పై ఏళ్లుగా నాకే తట్టలేదు. నీలో ఒక రచయిత్రి ఉందమ్మా," అన్నారు.

పానకాలు తర్వాత అన్నట్టు, ఆమె అక్కడ నోరు మూసుకుని ఉంటే అన్నీ కలిసొచ్చేవి. వేషం ఉండేది. వేళకు భోజనం ఉండేది. షుగరు సంగతి ఎవరికీ తెలిసేది కాదు. సామ్రాజ్యం ఆ కాయితాలు చివరిదాకా చదివి పక్కన పెట్టింది.

"ఇది వద్దు మాస్టారూ."

"ఎందుకని?"

"ఆవిడ తినదండి."

"పర్చూరులో తినింది కదా. లోకమంతా చూసింది."

"అక్కడ తినింది ఆవిడ కాదండి. నేను."

మాస్టారికి అర్థం కాలేదు. లక్ష్మీదుర్గకూ కాలేదు. సామ్రాజ్యం సంచిలోంచి సూది పెన్ను, ఇడ్లీల డబ్బా తీసి వరండా అరుగు మీద పెట్టింది. తనకు షుగరని, ముందు సూది, వెనక ఇడ్లీ అన్న లెక్కలో ఐదేళ్లుగా నాటకం ఆడుతున్నానని, ఆ రోజు శాలువాల వల్ల లెక్క తప్పిందని చెప్పింది.

మాస్టారు పెన్నును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఖాళీ కడుపుతో ఇది పొడుచుకుని స్టేజీ ఎక్కుతున్నావా? పడిపోతే?"

"ఆఖరి రంగంలో అయితే ఇబ్బంది లేదండి."

ఆయన నవ్వలేదు. కొత్త కాయితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. రంగం పాతదే ఉంటుందన్నారు. తల్లి వేషం లక్ష్మీదుర్గ వేస్తుందన్నారు. రెండూ ఒకే గొంతుతో అన్నారు. సామ్రాజ్యం సరేనంది. ఆ రెండో మాట వస్తుందని ఆమెకు సంచి తెరిచేటప్పుడే తెలుసు.

సినిమా దర్శకుడికి కూడా ఫోను చేసి, అది ఐడియా కాదని, షుగరని చెప్పింది. అతను, "అది మనం ఎక్కడా చెప్పొద్దు మేడమ్," అన్నాడు. ఈ జనవరిలో సినిమా ఓటీటీలో వచ్చింది. ఆ సీన్‌ను పదిహేడు టేకులు తీశారట. నవల్లో లేకపోయినా నవల ఆత్మను పట్టుకున్న సన్నివేశమని నాలుగు సమీక్షల్లో ఉంది. మొదట్లో కృతజ్ఞతలు చెప్పిన పేర్లలో సామ్రాజ్యం పేరు, ఒక రైస్ మిల్లు పేరు కింద, రెండు సెకన్లు కనబడుతుంది. పానకాలు ఫోన్లో చూసి, "అచ్చం నీలాగే తింటోంది," అన్నాడు. సామ్రాజ్యం సగంలో ఆపేసి, గిన్నె స్టీలుదని చెప్పింది.

లక్ష్మీదుర్గకు గిన్నె గీకడం నేర్పడానికి మూడు వారాలు పట్టింది. ఒక ఆదివారం ఆ పిల్ల చెయ్యి పట్టుకుని గరిటెను వాటంగా పెట్టి, "గీకేది అన్నం కోసం కాదే. వాళ్లకు వినబడాలని," అని చెప్పింది. ఆ తర్వాత చప్పుడు కుదిరింది. ఖాళీ కడుపు సంగతి కూడా చెప్పింది కానీ అది కుదరలేదు. లక్ష్మీదుర్గ ప్రదర్శనకు ముందు బిర్యానీ పొట్లం తిని ఎక్కుతుంది. జనం మునుపటంతే ఏడుస్తున్నారు. ఇది సామ్రాజ్యాన్ని కొంత బాధపెట్టింది. తెర పక్కన నిలబడి రెండు ప్రదర్శనలు శ్రద్ధగా చూసి, ఎవరూ తేడా పట్టడం లేదని తేల్చుకుంది. ఆ సంగతి నసీమున్నీసాతో చెబితే, "మరి ఇరవై ఎనిమిదేళ్లు ఎందుకు మాడి చచ్చావక్కా?" అంది.

ఎండాకాలంలో సుబ్బరావమ్మకు మోకాళ్లు పూర్తిగా అరిగిపోయి, స్టేజీ మీద కింద కూర్చోవడం కష్టమైంది. మాస్టారు కబురు పెట్టారు. ఇప్పుడు సామ్రాజ్యం అదే నాటకంలో అత్తగారి వేషం వేస్తోంది. నెలకు మూడో నాలుగో ప్రదర్శనలు ఉంటాయి. అత్తగారికి కంచాల రంగంలో భోజనం ఉంది.